తుపానులో నెగ్గిన పోలీస్ చీఫ్, ఫైళ్ల దగ్గర ఎందుకు తడబడ్డారు?

2021 మార్చిలో అమెరికాలోని మయామి నగరానికి కొత్త పోలీస్ చీఫ్ పేరు ప్రకటించినప్పుడు మేయర్ ఫ్రాన్సిస్ సువారెజ్ ఆయన్ని ఏకంగా మైకేల్ జోర్డాన్‌తో పోల్చారు. బాస్కెట్‌బాల్‌లో జోర్డాన్ ఎంతో, పోలీస్ చీఫ్‌లలో ఈయన అంతట. ఆ చీఫ్ పేరు ఆర్ట్ అసెవెడో. ఏప్రిల్‌లో బాధ్యతలు తీసుకున్నారు. అక్టోబర్ 14న ఎన్నికైన పాలక మండలి అయిన నగర కమిషన్ 5-0 ఓట్లతో ఆయన్ని తీసేసింది. పట్టుమని ఏడు నెలలైనా లేరు.

అసెవెడోకు దేశమంతటా పేరు తెచ్చింది హ్యూస్టన్. 2017 ఆగస్టులో హార్వీ తుపాను ఆ నగరాన్ని ముంచినప్పుడు జనం టీవీలో రోజూ చూసిన ముఖాల్లో ఆయనది ఒకటి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా పెద్ద విపత్తును నడిపిన మనిషన్న పేరు ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. ఆ పేరు అబద్ధమేమీ కాదు. కానీ ఆయన పనిచేసిన నగరాలన్నిటినీ వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వరదల్లో, కాల్పుల్లో ఆయన పెద్దగా తడబడలేదు. దెబ్బ తిన్నదంతా మామూలు రోజుల్లో. సెర్చ్ వారెంట్ కాగితాల దగ్గర, ల్యాబ్‌లో పేరుకుపోయిన కేసుల దగ్గర, నగర పాలకులతో మాటామంతీ దగ్గర.

అసెవెడో 1964లో క్యూబా రాజధాని హవానాలో పుట్టారు. నాలుగేళ్ల వయసులో కుటుంబంతో అమెరికా వచ్చి కాలిఫోర్నియాలోని ఎల్ మోంటేలో పెరిగారు. 1986లో కాలిఫోర్నియా హైవే పెట్రోల్‌లో చేరి, తూర్పు లాస్ ఏంజెలెస్ రోడ్ల మీద డ్యూటీతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్లలో ఆ సంస్థలో చీఫ్ హోదా దాకా ఎదిగారు.

ఆయన ఎదిగిన రాష్ట్రం గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఇవాళ అమెరికా అంతా వాడుతున్న విపత్తు నిర్వహణ పద్ధతి పుట్టింది కాలిఫోర్నియాలోనే. 1970లో దక్షిణ కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగాయి. 16 మంది చనిపోయారు, వందల ఇళ్లు కాలిపోయాయి. తర్వాత ఎక్కడ తప్పు జరిగిందా అని చూస్తే మనుషులకీ యంత్రాలకీ కొరత లేదు. ఒక శాఖ రేడియో ఇంకో శాఖకు వినపడదు. ఒకరు వాడే మాటలు ఇంకొకరికి అర్థం కావు. అందరి మీదా అధికారం ఎవరిదో తెలియదు. దాంతో ‘ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్’ తయారైంది. దాని సూత్రాలు వినడానికి చాలా సాదాగా ఉంటాయి. ఒక్కో ఉద్యోగికి ఒక్కరే బాస్. ఒక్కో బాస్ కింద ముగ్గురు నుంచి ఏడుగురు, వీలైతే ఐదుగురే. అందరికీ ఒకే పరిభాష. ఇన్ని గంటల్లో ఇది చేయాలని రాతపూర్వకంగా ఒక ప్లాన్. పోలీసు, ఫైర్, వైద్యం, రోడ్ల శాఖల పెద్దలు ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం. 1991 ఓక్లాండ్ అగ్నిప్రమాదం తర్వాత ఆ రాష్ట్రం దీన్ని తన శాఖలన్నిటికీ విస్తరించింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతిని దేశమంతటికీ ప్రమాణం చేసింది. 2004 నుంచి ఇది జాతీయ వ్యవస్థ.

కార్చిచ్చయినా భూకంపమైనా ఊళ్లు ఖాళీ చేయించే దారులు హైవేలే. ఆ హైవేలు చూసుకునే సంస్థలో ఇరవై ఏళ్లు పనిచేసిన అధికారికి ఈ పద్ధతి విడిగా నేర్చుకునే పాఠం కాదు, రోజువారీ ఉద్యోగంలో భాగం.

2007లో టెక్సస్ రాజధాని ఆస్టిన్‌కు పోలీస్ చీఫ్‌గా వచ్చారు. పైకి ప్రశాంతంగా కనిపించే ఊరే. కానీ అక్కడ ఆయనకు ఎదురైన ఘటనలు చూస్తే శిక్షణా కేంద్రంలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టే పరీక్షల్లా ఉంటాయి. 2010 ఫిబ్రవరిలో పన్నుల శాఖ మీద కక్షతో ఒకతను చిన్న విమానాన్ని ఆ శాఖ ఆఫీసున్న భవనంలోకి నడిపాడు. 2013 అక్టోబర్ 31న ఆనియన్ క్రీక్ వాగు పొంగి వందల ఇళ్లు మునిగాయి. 2014 మార్చిలో సంగీతోత్సవం జరుగుతుండగా పోలీసులను తప్పించుకు పారిపోతున్న కారు జనంలోకి దూసుకెళ్లింది, నలుగురు చనిపోయారు. అదే ఏడాది నవంబర్‌లో ఒక సాయుధుడు అర్ధరాత్రి దాటాక మెక్సికో కాన్సులేట్ మీద, పోలీస్ హెడ్‌క్వార్టర్స్ మీద కాల్పులు జరిపాడు. గుర్రపు దళం సార్జెంట్ ఒకరు, ఒక చేత్తో రెండు గుర్రాల పగ్గాలు పట్టుకుని, దాదాపు వంద గజాల దూరం నుంచి అతన్ని కాల్చారు.

ఆస్టిన్ ఇచ్చిన అసలు శిక్షణ మాత్రం ఈ ఘటనలకంటే ఉత్సవాల్లో ఉందనిపిస్తుంది. ఏటా లక్షల మందిని రప్పించే సంగీతోత్సవాలు, 2012 నుంచి ఫార్ములా వన్ రేసు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు. వీటన్నిటికీ కమాండ్ సెంటర్ తెరుస్తారు, అన్ని శాఖలూ ఒకేచోట కూర్చుంటాయి, రేడియో ఛానెళ్లు ముందే పంచుకుంటాయి. పోలీసు అధికారికి ఫైర్ చీఫ్ ఫోన్ నంబర్ తుపాను రోజు వెతుక్కోవాల్సిన పని ఉండదు. మన దగ్గర గోదావరి పుష్కరాలకో మేడారం జాతరకో బందోబస్తు చేసిన అధికారులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

2016 నవంబర్‌లో హ్యూస్టన్ మేయర్ సిల్వెస్టర్ టర్నర్ ఆయన్ని తమ నగరానికి తీసుకున్నారు. దేశంలో నాలుగో పెద్ద నగరం, ఐదు వేలకు పైగా పోలీసులు. ఆ పదవిలో కూర్చున్న మొదటి హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న వ్యక్తి) ఆయనే. తొమ్మిది నెలలు తిరక్కముందే హార్వీ వచ్చింది.

2017 ఆగస్టు 25 రాత్రి టెక్సస్ తీరాన్ని తాకిన హార్వీ, అన్ని తుపాన్లలా దాటిపోకుండా అక్కడక్కడే తిరిగింది. హ్యూస్టన్‌లో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 50 అంగుళాలు. కొన్ని రోజుల్లోనే ఆ చుట్టుపక్కల చాలాచోట్ల 40 అంగుళాలకు పైగా కురిసింది. నెడర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలు దాటింది. అడిక్స్, బార్కర్ జలాశయాలు నిండిపోయి, ఇళ్లు మునుగుతాయని తెలిసీ నీళ్లు వదలాల్సి వచ్చింది. టెక్సస్‌లో వరద, గాలి వల్ల నేరుగా చనిపోయినవాళ్లు 68 మంది, అందులో 36 మంది హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లే.

నగరాన్ని ముందే ఎందుకు ఖాళీ చేయించలేదన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. ఇళ్లు వదిలి వెళ్లే సంగతి ఆలోచించుకోండని గవర్నర్ అన్నారు. మేయర్ మాత్రం వద్దన్నారు. దాని వెనక 2005 అనుభవం ఉంది. రీటా తుపాను వస్తోందని లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కితే హైవేలు పార్కింగ్ స్థలాలైపోయాయి. తుపాను కంటే ఆ ప్రయాణంలోనే ఎక్కువమంది చనిపోయారు. వృద్ధాశ్రమం నుంచి వెళ్తున్న ఒక బస్సు కాలిపోయి 23 మంది ప్రాణాలు పోయాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ నిర్ణయం పోలీస్ చీఫ్‌ది కాదు. టెక్సస్ చట్టం ప్రకారం నగరంలో విపత్తు నిర్వహణ బాధ్యత మేయర్‌ది, కౌంటీలో కౌంటీ జడ్జిది (పేరుకు జడ్జి, నిజానికి కౌంటీ పాలనకు ఎన్నికైన పెద్ద). చీఫ్ పని ఆ నిర్ణయాన్ని రోడ్డు మీద నిలబెట్టడం.

అది ఆయన బాగానే చేశారు. శనివారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా అత్యవసర సాయం కోసం ఫోన్ చేసే 911 కేంద్రానికి సుమారు 56,000 కాల్స్ వచ్చాయి. మామూలు రోజుల్లో ఎనిమిది వేల చిల్లర. డిటెక్టివ్‌లు, ఆఫీసు సిబ్బంది, అందరినీ యూనిఫాంలో వీధుల్లోకి పంపారు. చీఫ్ తనూ నీళ్లలో దిగి, ఫోన్‌లో లైవ్ పెడుతూ తిరిగారు. ఈ అలవాటును ప్రచార యావ అన్నవాళ్లున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పుకార్లు నీళ్లకంటే వేగంగా పారుతున్నప్పుడు, చెప్పేవాడు ఎదురుగా కనపడటం చిన్న విషయం కాదు.

హిస్పానిక్ కుటుంబాల సంగతి వచ్చేసరికి ఆ కనపడటం ఇంకా ముఖ్యమైంది. స్థానిక పోలీసులు వలసదారుల పత్రాలు అడగొచ్చంటూ టెక్సస్ తెచ్చిన చట్టం సరిగ్గా సెప్టెంబర్ 1న అమల్లోకి రావాల్సి ఉంది. సహాయ శిబిరానికి వెళ్తే పట్టుకుంటారన్న భయం ఆ కుటుంబాల్లో పాకింది. ఆగస్టు 30న ఫెడరల్ కోర్టు ఆ చట్టంలో చాలా భాగాన్ని ఆపింది. అంతకు నెలల ముందు నుంచే అసెవెడో ఆ చట్టాన్ని బహిరంగంగా వ్యతిరేకిస్తూ వచ్చారు. భయంతో హిస్పానిక్ మహిళలు అత్యాచారాల మీద ఫిర్యాదులే ఇవ్వడం లేదని, ఆ ఫిర్యాదులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 42.8 శాతం తగ్గాయని ఏప్రిల్‌లోనే లెక్క చెప్పారు. తుపాను రాకముందు తీసుకున్న ఆ వైఖరి తుపాను రోజుల్లో పనికొచ్చింది. మిమ్మల్ని కాపాడటానికే వస్తున్నామని ఆ నోటితో చెబితే నమ్మడానికి ఒక కారణం ఉంది.

ఆ వారంలో అందరికీ గుర్తుండిపోయిన సందర్భం సార్జెంట్ స్టీవ్ పెరెజ్ మరణం. వయసు 60, సర్వీసు 34 ఏళ్లు. ఆగస్టు 27 తెల్లవారుజామున వెళ్లొద్దని ఇంట్లోవాళ్లు అన్నా డ్యూటీకి బయల్దేరి, స్టేషన్‌కు దారి వెతుక్కుంటూ రెండు గంటలకు పైగా తిరిగి, చీకట్లో అండర్‌పాస్ నీళ్లలో కారుతో సహా మునిగిపోయారు. 28న ఆయన ఎక్కడ మునిగారో అర్థమైంది. కానీ రాత్రివేళ ఆ నీళ్లలోకి దిగడం ప్రమాదమని డైవర్లు చెప్పారు. ఆయన ఇక బతికి ఉండరని మనసుకు తెలిసిపోయిందని, దేహం కోసం ఇంకొకరి ప్రాణం పణం పెట్టలేనని చీఫ్ తెల్లవారేదాకా ఆపారు. మర్నాడు ప్రెస్‌మీట్‌లో కన్నీళ్లు పెట్టుకున్నారు. టీవీలు ఆ కన్నీళ్లు చూపించాయి. విపత్తు నిర్వహణ తెలిసినవాళ్లు చూసేది ముందు రాత్రి నిర్ణయాన్ని. సొంత మనిషి నీళ్ల కింద ఉన్నాడని తెలిసీ ఆగండని ఆర్డర్ ఇవ్వడం ఏ కోర్సులోనూ సులువుగా అబ్బదు.

లోపాలూ ఉన్నాయి. ఏటా వరదలొచ్చే నగరంలో పోలీసుల దగ్గర పడవలు, లోతు నీళ్లలో నడిచే వాహనాలు చాలినన్ని లేవు. లూసియానా నుంచి సొంత పడవలతో వచ్చిన వాలంటీర్లు లేకపోతే ఎన్నో కుటుంబాలు పైకప్పుల మీదే ఉండిపోయేవి. ఇంకో మాట. హ్యూస్టన్ శివార్లలోని కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు మునిగిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఆ వారం చూసిన పోలీసులు అసెవెడో మనుషులు కారు. అవి వేరే ఊళ్లు, వేరే కౌంటీలు, వేరే షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు పెద్దలు). అమెరికాలో పోలీసు వ్యవస్థ అలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. హార్వీని ఒక్క మనిషి నడిపాడనే కథ అక్కడే కొంత పలచబడుతుంది.

హార్వీ తర్వాత ఆయన దేశస్థాయి మనిషి అయ్యారు. పెద్ద నగరాల పోలీస్ చీఫ్‌ల సంఘానికి అధ్యక్షుడయ్యారు. తుపాకుల చట్టాల మీద సెనెటర్లతో నేరుగా తలపడ్డారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, ఫ్లాయిడ్ పెరిగిన హ్యూస్టన్‌లో నిరసనకారులతో కలిసి నడిచారు. బయట ఇలా ఉంటే డిపార్ట్‌మెంట్ లోపల ఇంకో కథ నడుస్తోంది.

2019 జనవరి 28న హ్యూస్టన్ హార్డింగ్ స్ట్రీట్‌లోని ఒక ఇంటి మీద మాదకద్రవ్యాల దళం తలుపు తట్టకుండా దాడి చేసింది. ఆ ఇంటి దంపతులిద్దరూ చనిపోయారు, పోలీసులు ఐదుగురు గాయపడ్డారు. ఆ ఇంట్లో హెరాయిన్ కొన్నామని వారెంట్ కోసం డిటెక్టివ్ జెరాల్డ్ గోయిన్స్ ప్రమాణం చేసి రాసిచ్చారు. అక్కడ హెరాయిన్ దొరకలేదు. అసలు ఆ కొనుగోలే జరగలేదని తేలింది. మొదట తన సిబ్బందిని వీరులని పొగిడిన చీఫ్, మూడు వారాలు తిరక్కుండానే వారెంట్‌లో అబద్ధాలున్నాయని తనే ప్రకటించాల్సి వచ్చింది. అంత త్వరగా ఒప్పుకోవడం మెచ్చుకోదగ్గదే. కానీ ఆ దళం పనితీరు మీద జరిపిన అంతర్గత ఆడిట్ 2020 జులై దాకా బయటికి రాలేదు. గోయిన్స్ సాక్ష్యం మీద నడిచిన పాత కేసులు వందకు పైగా మళ్లీ తవ్వాల్సి వచ్చింది. 2024లో కోర్టు అతన్ని హత్యా నేరం కింద దోషిగా తేల్చి 60 ఏళ్ల శిక్ష వేసింది.

ఇక్కడే రెండు రకాల నైపుణ్యాలకు ఉన్న తేడా కనపడుతుంది. తుపానులో శత్రువు బయట ఉంటుంది. అందరూ ఒకే వైపు చూస్తారు. నిర్ణయం మంచిదో కాదో కొన్ని గంటల్లో తెలుస్తుంది. కింది అధికారి చెప్పింది నమ్మి ముందుకెళ్లడమే అక్కడ సరైన పద్ధతి, ఎందుకంటే ప్రతిదీ సరిచూసుకునే టైమ్ ఉండదు. మామూలు రోజుల్లో పోలీస్ చీఫ్ పని దీనికి పూర్తిగా ఎదురు. కింది అధికారి రాసిన ప్రతి వారెంట్‌నూ ఎవరో ఒకరు అనుమానంతో చదవాలి. ఇన్‌ఫార్మర్‌కు ఇచ్చిన డబ్బు రసీదులు సరిపోవాలి. అక్కడ నమ్మకం బలం కాదు, కంత. అసెవెడో మొదటి పనిలో ఆరితేరారు. రెండో పనికి అవసరమైన ఓపికను ఆ పేరుప్రఖ్యాతులు ఎంత తినేశాయన్నది హ్యూస్టన్‌వాళ్లు ఇప్పటికీ వాదించుకునే విషయమే.

2024లో ఇంకో సంగతి బయటపడింది. సిబ్బంది లేరన్న ఒక కోడ్ వేసి 2016 నుంచి సుమారు 2,64,000 కేసులను హ్యూస్టన్ పోలీసులు పక్కన పెట్టేశారు. అందులో లైంగిక నేరాల కేసులు వేలల్లో ఉన్నాయి. ఆ కోడ్ మొదలైంది అసెవెడో రాకముందో వచ్చాకో అన్న తర్కం ఎలా ఉన్నా, ఆయన నాలుగేళ్ల పైచిలుకు పాలనలో అది నడిచింది. బయటపడ్డాక పదవి వదులుకున్నది మాత్రం తర్వాతి చీఫ్.

ఒక్క విషయంలో ఆయన్ని తప్పు పట్టలేం. తప్పు చేసిన సిబ్బంది మీద వేటు వేయడానికి వెనకాడలేదు. ఆస్టిన్‌లో 2016లో నిరాయుధుడైన పదిహేడేళ్ల కుర్రాణ్ని కాల్చిన అధికారిని తీసేశారు. ఆ కేసు గురించి బహిరంగంగా మాట్లాడినందుకు నగర మేనేజర్ (నగర పాలన చూసే ఉన్నతాధికారి) చేతిలో ఆయనే మందలింపు తిన్నారు. హ్యూస్టన్‌లో 2020లో పోలీసు కాల్పుల్లో నికోలస్ చావెజ్ అనే యువకుడి మరణం మీద నలుగురిని తొలగించి, పోలీసు యూనియన్ ఆగ్రహానికి గురయ్యారు.

మయామిలో ఇదే దూకుడు ఎదురు తిరిగింది. అక్కడ పోలీస్ చీఫ్‌ను నియమించేది నగర మేనేజర్. ఆయన పైన ఎన్నికైన ఐదుగురు కమిషనర్లు. అసెవెడో మామూలు దరఖాస్తుల వరసలో కాకుండా నేరుగా వచ్చారు. వచ్చీరాగానే ఉన్నతాధికారులైన భార్యాభర్తలను ఉద్యోగం నుంచి తీసేశారు, మరికొందరి హోదా తగ్గించారు. ఊళ్లో ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియకముందే. ఆ తర్వాత ఒక సమావేశంలో ఈ డిపార్ట్‌మెంట్‌ను నడిపేది ‘క్యూబన్ మాఫియా’ అన్నారు. మయామి క్యూబా నుంచి పారిపోయి వచ్చినవాళ్ల ఊరు, వాళ్లను క్యూబా పాలకుడు కాస్ట్రో తిట్టిన తిట్టు అదే. తనూ హవానాలో పుట్టినవాడినేనని, సరదాకి అన్నానని చెప్పి క్షమాపణ కోరినా లాభం లేకపోయింది. సెప్టెంబర్‌లో ముగ్గురు కమిషనర్లు పోలీసు వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నారంటూ అసెవెడో ఎనిమిది పేజీల లేఖ రాశారు. ఇది కమ్యూనిస్ట్ క్యూబాలా ఉందన్నారు. ఆరోపణల్లో నిజమెంత ఉన్నా, అది రాశాక ఆయన ఉద్యోగం రోజుల లెక్కకు వచ్చింది. కమిషనర్లు బహిరంగ విచారణ పెట్టి, ఎల్విస్ ప్రెస్లీ వేషంలో ఆయనున్న పాత వీడియో కూడా వేయించారు. పోలీసు పాలనకు, ఆ వీడియోకు సంబంధం ఏమిటో వాళ్లకే తెలియాలి.

ఆ ఆరు నెలల్లోనే, 2021 జూన్ 24న, పక్కనే ఉన్న సర్ఫ్‌సైడ్‌లో అపార్ట్‌మెంట్ భవనం కూలి 98 మంది చనిపోయారు. కానీ సర్ఫ్‌సైడ్ వేరే మున్సిపాలిటీ. శిథిలాల దగ్గర కమాండ్ కౌంటీ ఫైర్ శాఖది. విపత్తులు నడిపిన పేరున్న చీఫ్‌కు, ఆ ప్రాంతంలో దశాబ్దాల్లో జరిగిన పెద్ద విపత్తుల్లో ఒకదాంట్లో ముఖ్యపాత్రే లేదు.

మన దగ్గర కథ ఇలా నడవదు. ఐపీఎస్ అధికారిని కార్పొరేటర్లు ఓటేసి తీసేయలేరు, ప్రభుత్వం బదిలీ చేస్తుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా సంస్థకు కలెక్టర్‌ను అధ్యక్షుణ్ని చేసింది, పోలీసు అధికారి అందులో సభ్యుడు మాత్రమే. 2025 సవరణ పెద్ద నగరాలకు విడిగా సంస్థలు పెట్టమన్నప్పుడు కూడా మున్సిపల్ కమిషనర్‌నే పైన కూర్చోబెట్టింది. అయినా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైతే ఆర్.ఆర్. వెంకటాపురానికి మొదట చేరుకున్నవాళ్లలో పోలీసులు ఉన్నారు. హైదరాబాద్‌లో 2024లో విపత్తు స్పందనకు, ప్రభుత్వ ఆస్తుల రక్షణకు హైడ్రా పెట్టినప్పుడు, వరంగల్ పోలీస్ కమిషనర్‌గా పనిచేసిన ఏ.వి. రంగనాథ్‌కే దాన్ని అప్పగించారు. అధికారం కాగితం మీద ఎవరిదైనా, అర్ధరాత్రి వెళ్లేది ఖాకీయేనని ప్రభుత్వాలకు తెలుసు.

మయామి తర్వాత 2022 డిసెంబర్‌లో కొలరాడోలోని అరోరా ఆయన్ని తాత్కాలిక చీఫ్‌గా తీసుకుంది. 2019లో పోలీసులు పట్టుకున్నాక ఎలైజా మెక్లెయిన్ అనే యువకుడు చనిపోయిన తర్వాత రాష్ట్రంతో కుదిరిన సంస్కరణల ఒప్పందం కింద నడుస్తున్న పోలీసు శాఖ అది. ఏడాది దాటి కొంతకాలం ఉన్నారు. 2024 జనవరిలో ఆస్టిన్ మళ్లీ పిలిచింది. ఈసారి పోలీసు వ్యవహారాలు చూసే అసిస్టెంట్ సిటీ మేనేజర్ హోదాలో. పేరు ప్రకటించగానే అత్యాచార బాధితులు, వాళ్ల తరఫు సంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఆయన చీఫ్‌గా ఉన్న 2016లోనే ఆస్టిన్ పోలీసుల డీఎన్‌ఏ ల్యాబ్ పరీక్షల్లో తప్పుడు పద్ధతులు బయటపడి మూతపడింది. పరీక్ష కాని నమూనాలు వేల సంఖ్యలో మిగిలాయి, దానిమీద బాధితులు కోర్టుకు వెళ్లారు. కొద్దిరోజుల్లోనే అసెవెడో ఆ ఉద్యోగం వద్దనుకున్నారు.